సరిహద్దు జిల్లాల ఇటీవలి వైద్య చరిత్రను కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్, బరంపురం. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న ఈ ఊళ్ల తెలుగు ఇళ్లలో, మూతపడిన క్లినిక్కుల అటకల మీద, రిటైరైన ఆరోగ్య కార్యకర్తల ట్రంకు పెట్టెల్లో 1950ల నుంచి కోవిడ్ దాకా నడిచిన వైద్యానికి సంబంధించిన కాగితాలూ వస్తువులూ ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని ఎలా గుర్తించాలి, ఎలా కాపాడాలి, ఎవరికి అప్పగించాలి అని తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఇదంతా మొన్నమొన్నటి సంగతి కదా. దీన్ని కూడా చరిత్ర అంటారా?

అంటారు. పైగా అన్నిటికంటే ముందు పోయేది ఇదే. తాళపత్రం కనబడితే ఎవరూ చెత్తలో వేయరు. 1978 నాటి కాంపౌండరు రిజిస్టరు మాత్రం కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు పోతుంది. ఒడిశా వైపు ఇంకో చిక్కు ఉంది. అచ్చు శీర్షికలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండి, లోపలి రాత తెలుగులో ఉన్న పుస్తకాలు చాలా ఉంటాయి. ఆ గది ఖాళీ చేసేవారికి తెలుగు చదవడం రాకపోతే అందులో ఏముందో తెలియకుండానే పారేస్తారు.

కాగితం మిగిలినా చాలదు, దాన్ని విడమరిచి చెప్పే మనిషి కూడా ఉండాలి. మలేరియా రోజుల రిజిస్టరులో ఒక పేరు పక్కన "క్లోరో 4" అని, మరో పేరు పక్కన "4-4-2" అని రాసి ఉందనుకోండి. మొదటిది, జ్వరం అనగానే రక్తపు చుక్క తీసుకుని, ఫలితం రాకముందే ఇచ్చిన నాలుగు క్లోరోక్విన్ మాత్రలు. రెండోది మూడు రోజుల పూర్తి మోతాదు, మొత్తం పది మాత్రలు. అదే పేరుకు మూడు వారాల్లో మళ్లీ 4-4-2 కనబడితే మందు పనిచేయడం మానేసిందా, లోపల దాగిన వైవాక్స్ రకం మలేరియా తిరగబెట్టిందా, లేక రోగి రెండో రోజుకే మాత్రలు ఆపేశాడా? ఆ పుస్తకం రాసినాయన ఉంటే రెండు నిమిషాల్లో చెబుతాడు. ఆయన లేకపోతే అవి వట్టి అంకెలు.

దేశంలో మశూచి చివరి కేసులు 1975 మే నెలలో బయటపడ్డాయి. అప్పటికి ఇరవై రెండేళ్లున్న టీకాదారుకు ఇప్పుడు డెబ్భై దాటాయి. యాజ్ అనే చర్మవ్యాధిని నిర్మూలించే కార్యక్రమం 1996-97లో మన కోరాపుట్ జిల్లాలోనే మొదలైంది. 2003 తర్వాత దేశంలో కేసులు రాలేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాజ్ రహితంగా ప్రకటించింది. దాని కోసం కొండ ఊళ్లు తిరిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. కాగితమూ మనిషీ ఒకేసారి దొరికే కాలం ఇది.

ఏవేవి దాచాలి?

ఓపీ చీట్లు, కేసు షీట్లు, మందుల కొట్టు బిల్లు పుస్తకాలు, కాంపౌండరు మిక్చర్ల పుస్తకాలు, ఏఎన్ఎంల డైరీలు, డీడీటీ స్ప్రే రౌండ్ల పని పట్టికలు, టీకా కార్డులు, ఎర్ర త్రికోణం ఉన్న కుటుంబ నియంత్రణ కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు, బదిలీ ఉత్తర్వులు, సిబ్బంది గ్రూప్ ఫొటోలు. వస్తువుల్లో గాజు సిరంజీలు, వాటిని ఉడకబెట్టే స్టీలు పెట్టె, రెండు మొనలున్న మశూచి సూది, గోడలకు డీడీటీ కొట్టిన స్టిరప్ పంపు, టీకాలను చల్లగా మోసుకెళ్లే వ్యాక్సిన్ క్యారియర్, మందులు నూరిన కల్వం.

ముఖ్యమైనవాళ్ల కాగితాలే దాచాలనుకోకండి. జిల్లా వైద్యాధికారి నివేదిక నకలు భువనేశ్వర్‌లో దొరకవచ్చు. ఏఎన్ఎం చేతిరాత డైరీకి నకలు ఎక్కడా ఉండదు. సమయం తక్కువగా ఉంటే డైరీనే ముందు చేతికి తీసుకోండి.

మా తాలూకా పాత ప్రభుత్వ రికార్డులు ఎక్కడ వెతకాలి?

ముందు సంవత్సరం చూడండి. గజపతి జిల్లా 1992 అక్టోబరులో గంజాం నుంచి విడిపోయింది. కాబట్టి పర్లాకిమిడికి సంబంధించిన 1985 నాటి జిల్లా స్థాయి ఫైలు కోసం గంజాం జిల్లా కేంద్రమైన ఛత్రపురంలో అడగాలి. రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ కూడా అదే నెలలో పాత కోరాపుట్ జిల్లా నుంచి వచ్చినవే. 1936 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా కిందికి వచ్చేది. ఆ నాటి కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను అడగండి.

మిషన్ ఆసుపత్రుల దారి వేరు. రాయగడ జిల్లాలోని బిస్సంకటక్ ఆసుపత్రిని 1954లో మొదలుపెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యురాలు. ఇలాంటి చోట్ల నుంచి వార్షిక నివేదికలు, ఉత్తరాలు, ఫొటోలు విదేశీ మిషన్ కార్యాలయాలకు వెళ్లేవి. ఇక్కడ చెదలు తిన్న ఏడాది నివేదిక అక్కడ భద్రంగా ఉండే వీలుంది. ఉత్తరం రాసి అడగండి.

పాత రిజిస్టరు దొరికింది. మొట్టమొదట ఏం చేయాలి?

కదపకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి: ఏ అరలో ఉంది, పక్కన ఏముంది, కట్ట ఎలా కట్టి ఉంది. చాలామంది దుమ్ము దులిపి, తేదీల వరసలో సర్దేసి, ఆ తర్వాత ఫొటో తీస్తారు. అప్పటికి ఏ కాగితం ఏ పుస్తకంలో పెట్టి ఉందో ఆనవాలు పోతుంది. 1982 పేజీల మధ్య 1976 చీటీ ఉంటే దాన్ని అక్కడే ఉంచండి, ఎవరో ఏదో కారణంతోనే పెట్టి ఉంటారు.

తర్వాత మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో కుట్టు వైపు నుంచి అంచు వైపు దుమ్ము తుడవండి. తడి గుడ్డ వద్దు. తుప్పు పట్టిన గుండుసూదిని లాగితే కాగితం చిరుగుతుంది. పలచని ప్లాస్టిక్ ముక్కను సూది కిందికి జరిపి, దాని మీదుగా మెల్లగా జార్చి తీయండి. సంఖ్య వేయాలంటే మెత్తటి పెన్సిలుతో వెనక మూలలో వేయండి. సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మరకగా కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే విడదీసే దారి లేదు.

చుట్టడానికి రంగు లేని నూలు గుడ్డను మూడు నాలుగు సార్లు ఉతికి, గంజి పూర్తిగా పోయాక వాడండి. ఎర్ర గుడ్డ ఆఫీసుల అలవాటు, వానకు తడిస్తే దాని రంగు పేజీల్లోకి దిగుతుంది. వేపాకు పేజీల మధ్య పెడితే మరక పడుతుంది. పెట్టెను నేల నుంచి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు ఎడంగా పెట్టండి. లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు ఉంచండి. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. వానాకాలంలో బరంపురం వైపు తేమ దీన్ని సులువుగా దాటిపోతుంది కాబట్టి సిలికా జెల్ సంచులు వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరగ్గానే మార్చండి.

తుపానుకు తడిసిపోయింది. ఇప్పుడేం చేయాలి?

మీకున్నది రెండు రోజులు. 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పెట్టకండి, కాగితం వంకర తిరిగి పెళుసుబారుతుంది, సిరా వెలిసిపోతుంది. నీడలో ఫ్యాను కింద, పది పదిహేను పేజీలకొకటి చొప్పున సిరా పీల్చే కాగితమో, అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింటో పెట్టి రెండు మూడు గంటలకోసారి మార్చండి. అంటుకున్న పేజీలను తడిగా ఉండగా విడదీయవద్దు.

పుస్తకాలు ఎక్కువై అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే విడివిడిగా పాలిథిన్ సంచుల్లో పెట్టి ఫ్రీజరులో ఉంచండి. గడ్డకట్టాక బూజు ఆగిపోతుంది, తర్వాత ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. పొడి పుస్తకంలో పురుగు పట్టినా ఇదే పద్ధతి: గాలి చొరకుండా మూసి, మైనస్ 18 లేదా 20 డిగ్రీల్లో రెండు వారాలు. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా విప్పకండి. విప్పితే చల్లని కాగితం మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది.

ఫోన్‌తో ఫొటోలు తీస్తే సరిపోతుందా?

సరిపోతుంది, పద్ధతిగా తీస్తే. ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల వివరంతో పట్టాలంటే దాదాపు 9 మెగాపిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌కు ఒక పేజీ చాలు. తెరిచిన రిజిస్టరు రెండు పేజీలనూ ఒకే ఫొటోలో పట్టాలని చూస్తే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

ఫోన్‌ను స్టాండుకు బిగించి పేజీకి సమాంతరంగా ఉంచండి. ఫ్లాష్ ఆపేసి, రెండు పక్కలా రెండు లైట్లు ఏటవాలుగా పెట్టండి. పక్కన స్కేలు ఉంచండి. అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు కూడా తీయాలి. ఖాళీ పేజీ లేకపోతే తర్వాత చూసేవారికి అక్కడ ఒక పేజీ తప్పిపోయిందేమోనన్న అనుమానం మిగులుతుంది. డాక్యుమెంట్ స్కానింగ్ యాప్‌లు వాడకండి. అవి పేజీని నలుపు తెలుపులుగా మార్చేసి పెన్సిలు గుర్తులనూ, వెలిసిన సిరానూ తుడిచేస్తాయి. సాధారణ కెమెరాయే మేలు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ సమాచారమూ పోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, 1978-06-14 అన్నట్టు. అప్పుడు వరస దానంతట అదే కుదురుతుంది. మూడు ప్రతులు ఉంచండి: రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, మూడోది ఇంకో ఊళ్లో. తుపాను వస్తే ఒకే వీధిలోని రెండు ఇళ్లూ మునుగుతాయి.

పాత ఎక్స్‌రే ఫిల్ములు కొంటామని వస్తున్నారు. ఎందుకు?

వాటిలో వెండి ఉంటుంది, కరిగించి తీస్తారు. ఎక్స్‌రేలు ఇంతగా మాయమవడానికి అసలు కారణం ఇదే. ఫిల్మును కిటికీ వెలుగులోనో, తెల్లని లైట్ ప్యానెల్ మీదో పెట్టి, చుట్టూ ఉన్న ఖాళీని నల్ల కాగితంతో కప్పి ఫొటో తీయవచ్చు. మూలలో ఉండే పేరు, తేదీ, ఆసుపత్రి గుర్తు విడిగా దగ్గర నుంచి తీయండి. పుల్లటి వాసన వస్తుంటే ఫిల్ము ఆధారమైన అసిటేట్ చెడిపోతున్నట్టు లెక్క. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి, అన్నిటికంటే ముందు ఫొటో తీయండి. ఒక్కోదాన్నీ కాగితపు కవరులో నిలువుగా ఉంచండి.

పాత మందుల సీసాలు, సూదులు, బీపీ యంత్రాలు దాచవచ్చా?

కొన్నిటి జోలికి వెళ్లకూడదు. పికరిక్ యాసిడ్ అని రాసిన సీసా ఎండిపోయి, మూత చుట్టూ పసుపు స్ఫటికాలు కనబడితే మూత తిప్పకండి, కదపకండి. ఆ రాపిడికే పేలవచ్చు. గది మూసి అగ్నిమాపక శాఖకు చెప్పండి. ఈథర్ పాత సీసాలకూ ఇదే జాగ్రత్త.

పాదరసం బీపీ యంత్రంలో దాదాపు 80 నుంచి 100 గ్రాముల పాదరసం ఉంటుంది. దాన్ని నిలువుగానే ఉంచండి. పగిలితే కిటికీలు తెరిచి, చీపురు వాడకుండా, గట్టి కాగితంతో చుక్కలను దగ్గరికి చేర్చి, డ్రాపరుతో పీల్చి, నీళ్లున్న గాజు సీసాలో వేసి మూత బిగించండి. చెత్తలో వేయవద్దు, ఆసుపత్రి వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. వాడిన సూదులను చేత్తో ముట్టకుండా పట్టకారుతో గట్టి డబ్బాలోకి వేయండి. మందు అక్కర్లేదనుకున్నా లేబులునూ పెట్టెనూ ఫొటో తీయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ధర చరిత్రకారులకు పనికొస్తాయి.

పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఎలా రికార్డు చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. కాగితాలు ఇంకో పదేళ్లు ఆగినా ఆగుతాయి.

ముందుగా ఇంటికి వెళ్లి ఎందుకు అడుగుతున్నారో చెప్పి రండి. ఆ రోజే రికార్డు చేయకండి. రెండోసారి వెళ్లేటప్పుడు ఏదో ఒక వస్తువు తీసుకెళ్లండి: పాత ఫొటో, రిజిస్టరు పేజీ, ఊరి మ్యాపు. వట్టి ప్రశ్నకు రాని జ్ఞాపకం వస్తువును చేత్తో పట్టుకుంటే వస్తుంది. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కాలరుకు తగిలించే చిన్న మైకు వాడండి. ఫ్యాను ఆపేయండి. డబ్ల్యూఏవీ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనోలో తీస్తే గంటకు 500 ఎంబీ దాటుతుంది. ఫోన్‌లో ముందే చోటు చూసుకోండి. గంటన్నరకు మించి కూర్చోబెట్టకండి, మిగిలింది ఇంకో రోజు అడగండి.

"ఆ రోజుల్లో మలేరియా గురించి చెప్పండి మాస్టారూ" అంటే "చాలా కష్టపడ్డామండీ" అనే మాటతో ఆగిపోతుంది. చేతిపని అడగండి. పంపు ఎవరు కొట్టేవారు, గొట్టం ఎవరు పట్టేవారు? స్టిరప్ పంపుకు ఇద్దరు కావాలి. బకెట్టులో ఎన్ని నీళ్లకు ఎంత పొడి కలిపేవారు? 50 శాతం డీడీటీకి నియమం పది లీటర్లకు కిలో. ఆయన వేరే లెక్క చెబితే సరిదిద్దకండి, ఎందుకలా కలిపేవారో అడగండి. పొడి చాలక పలచన చేశారా, నీళ్లు దూరమై చిక్కగా కలిపారా? ఆ నియమం ఏ చేతిపుస్తకంలోనైనా దొరుకుతుంది, కొండ ఊళ్లో ఏం జరిగిందో ఆయన నోటే వినాలి. వంటింట్లోకి రానిచ్చేవారా? అలికిన గోడ మీద మళ్లీ ఎన్నాళ్లకు అలికేసేవారు? సవర, కువి మాట్లాడే ఊళ్లలో ఎవరు మధ్యవర్తిగా నిలిచేవారు?

దేశంలో మలేరియా కేసులు 1961లో 50 వేల లోపుకు దిగి, 1976లో 64 లక్షలు దాటాయి. ఈ మధ్యలో ఏం సడలిపోయిందో గోడకు మందు కొట్టినవాళ్లకు తెలిసినంత వివరంగా ఏ నివేదికలోనూ ఉండదు.

జ్ఞాపకంలో సంవత్సరాలు తప్పుతాయి. అది సహజం. "పెద్ద అమ్మాయి పుట్టకముందా, తర్వాతా?", "ఎమర్జెన్సీకి ముందా?", "కోరాపుట్ జిల్లా చీలకముందా?" అని ఊతం ఇవ్వండి. అమ్మవారు, ఆటలమ్మ, తట్టు అని వాళ్లు ఏ పేరు వాడితే రాతప్రతిలో అదే రాయండి. అది ఏ వ్యాధో పోల్చడం మీ పని, అది విడి గమనికలో ఉండాలి. 1976-77లో దేశంలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ ప్రస్తావన వస్తే చేయించుకున్నవారికీ, ఇచ్చిన ఆపరేషన్ల లక్ష్యం పూర్తి చేయలేక జీతం ఆగిన ఉద్యోగికీ ఇద్దరికీ బాధ ఉంటుంది. పక్కన మూడో మనిషి లేకుండా చూసుకోండి. వాళ్లు ఆపమంటే వెంటనే ఆపండి.

అనుమతి వాళ్ల భాషలోనే, రికార్డింగు మొదట్లో, నోటి మాటగా తీసుకోండి: ఎవరు వినవచ్చు, పేరు చెప్పవచ్చా, తర్వాత వెనక్కి తీసుకోవచ్చా. పూర్తయ్యాక ఒక ప్రతి వాళ్లింట్లో ఇచ్చి రండి.

రోగుల పేర్లున్న రిజిస్టర్లను ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

పెట్టకూడదు. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను డాక్టరు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచితే చాలు. అందుకే ఆ తర్వాత వాటిని పారేసినా ఎవరూ తప్పుపట్టరు. కానీ మీ చేతికి వచ్చాక రోగి గోప్యత బాధ్యత మీదే. క్షయ, కుష్ఠు, హెచ్ఐవీ, మానసిక రోగాలు, గర్భస్రావం ఉన్న పేజీలను ఇంకా కట్టుదిట్టంగా ఉంచాలి. హెచ్ఐవీ సమాచారానికి 2017 చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. చిన్న ఊళ్లో పేరు చెరిపేసినా వీధి, కులం, వృత్తి చూసి మనిషిని పోల్చేస్తారు.

రెండు ప్రతులు తయారు చేయండి. ఒకటి పూర్తిది, తాళం వేసి ఉంచేది. రెండోది పేరు, ఇంటి పేరు, ఊరు కప్పినది. కప్పేటప్పుడు ఫొటో మీద నల్ల గీత గీసి ఊరుకోకండి, కొన్ని యాప్‌లలో ఆ గీత తొలగించి చూడవచ్చు. గీత గీసిన ఫొటోను కొత్త చిత్రంగా ఎగుమతి చేయండి. పూర్తి ప్రతిని సంస్థకు ఇచ్చేటప్పుడు ఎన్నేళ్లు మూసి ఉంచాలో రాతపూర్వకంగా పెట్టండి. రోగుల రికార్డులకు 75 నుంచి 100 ఏళ్లు అడగడం అతి కాదు.

గోడల మీద గుర్తులు కూడా లెక్కలోకి వస్తాయా?

వస్తాయి, అవే ముందు పోతాయి. జ్వరాల సర్వేకు వచ్చిన కార్యకర్త తలుపు పక్కన అచ్చు వేసిన గడిలో తేదీ, తన పేరు పొడి అక్షరాలు వేసేవాడు. పల్స్ పోలియోలో ఇంటి గోడ మీద సుద్దతో పీ గానీ ఎక్స్ గానీ రాసేవారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి పీ, ఎవరైనా మిగిలిపోతే ఎక్స్. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో వచ్చింది. ఆ సుద్ద గీతలు సంక్రాంతి సున్నంతో పోయాయి. ఇంకా ఏ పాత గోడ మీదైనా ఎర్ర త్రికోణమో, డీడీటీ తేదీల గడియో కనబడితే ముందు ఇల్లంతా పట్టేలా, తర్వాత స్కేలు పెట్టి దగ్గరగా, తర్వాత ఏటవాలు ఎండలో ఒకసారి తీయండి. వెలిసిపోయిన రంగు ఏటవాలు వెలుగులోనే బయటపడుతుంది.

క్యాసెట్లు, ఫ్లాపీలు, పాత కంప్యూటరు ఫైళ్లు?

క్యాసెట్టు అంచుల మీద తెల్లటి పొడి కనబడితే అది బూజు. ప్లేయరులో పెట్టకండి, అది హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్టుకు పాకుతుంది. శుభ్రంగా ఉన్నవాటికి ముందు ప్లేయరు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆపకుండా ఒకే వాయింపులో కంప్యూటరుకు ఎక్కించండి. సీడీలు పదేళ్లకే చదవడం మానేయవచ్చు, కాబట్టి ఈ ఏడాదే కాపీ చేసుకోండి. 1990లు, 2000లలో అను అనే పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి. పారేయకండి, యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. మార్చినా అసలు ఫైలును అలాగే ఉంచండి, ఒత్తులూ అంకెలూ తారుమారైతే సరిచూసుకోవడానికి అదే ఆధారం.

కోవిడ్ కాలానివి ఇప్పుడే దాచాలా?

ఇప్పుడే. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చింది. తిరిగి వచ్చిన వలస కూలీలను బడుల్లో, పంచాయతీ కేంద్రాల్లో ఉంచారు. ఆ హాజరు పట్టికలు, భోజనం లెక్కలు, గిరిసోల చెక్‌పోస్టు దగ్గర ఇచ్చిన చీట్లు, ఆశా కార్యకర్తల నోటుబుక్కులు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన కషాయాల చిట్కాలు, పుకార్లు అన్నీ చరిత్రే. ఫోన్ మార్చినప్పుడు చాట్లు పోతాయి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి ఫైలు తీసుకుని, మిగతా సభ్యుల నంబర్లు తీసేసి దాచండి. పుకారును కూడా మార్చకుండా ఉంచండి, పక్కన అది తప్పని గమనిక రాయండి.

చివరికి ఎవరికి అప్పగించాలి?

వైద్య చరిత్రకు సంబంధించినవాటికి హైదరాబాద్‌లోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. అది 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగంగా మొదలైంది. జిల్లా పరిపాలనకు సంబంధించినవాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌ను అడగవచ్చు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల 1962లో మొదలైంది. అక్కడ చదివిన డాక్టర్ల కాగితాలైతే ఆ కళాశాల గ్రంథాలయాన్నీ అడగండి. ఇచ్చేముందు జాబితా రాసి, ఒక ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఎవరు చూడవచ్చు, ఎప్పటి నుంచి చూడవచ్చు, అక్కర్లేదనుకుంటే పారేయకుండా మీకే తిరిగి ఇస్తారా అన్న మూడు ప్రశ్నలకూ రాతలో జవాబు లేనిదే అసలు కాగితాలు ఇవ్వకండి. ఏ సంస్థా తీసుకోకపోతే మీ ఇంట్లోనే ఉంచి, పెట్టె మూత లోపలి వైపు జాబితా అంటించి, మీ తర్వాత దాన్ని చూసుకునే మనిషి పేరు దాని కింద రాయండి.